కండె బిరడా సీసా

పోయినవారం బేబిని వాకిట్లో గోనెపట్టా మీద, చేతిలో చెక్కసుత్తితో వదిలిపెట్టాం. ఎదురుగా వాళ్ళ నాన్న సోంబరు మినీబైకు. ఆరేళ్ళ కిందట ఊరు వేటకెళ్ళే ఇటుకల పండుగ నాడు సుంకరమెట్ట దగ్గర మలుపులో ఆ బండి మీంచే పడి సోంబరు చనిపోయాడు. తాగి పడ్డాడన్నారు. పోయినవాడి గొడ్డలి, గొంగడి, కంచం శ్మశానంలో వదిలేయడం పనసగూడ ఆచారం. వాటితోపాటు బండినీ తీసుకెళ్ళి అక్కడే వదిలేశారు. తుక్కుకి అమ్మేద్దామని, అదీ కోపంతోనే, బేబి దాన్ని ఇంటికి ఈడ్చుకొచ్చింది. తెచ్చాక చూస్తే కిక్కు కదల్లేదు. ఎందుకు కదల్లేదో తెలుసుకోకుండా అమ్మడానికి మెకానిక్కయిన ఆమె చెయ్యి ఒప్పుకోలేదు. శుక్రవారం సంత ముగిసేలోగా బండిని ఎక్కడిదక్కడ పెట్టకపోతే తామే మోసుకుపోతామని ఊరి పెద్ద భీముడు చెప్పి వెళ్ళాడు.

ఇవాళ ఆ శుక్రవారం.

ఆ పిల్లకి పేరైతే బేబి అని పెట్టారు గాని, ఆ పేరుకీ ఆమె కోపానికీ ఎక్కడా పొత్తు కుదరదు. విశాఖలో బైకుల షెడ్డులో పదిమంది మగవాళ్ళ మధ్య పనిచేస్తుంది. స్పానరు విసిరేసిందంటే ఎవరో ఒకరు తప్పుకోవాల్సిందే. కాని ఆ కోపాలన్నీ పైపైవి, సాయంత్రానికి చల్లారిపోయేవి. చల్లారనిది ఒక్కటే ఉంది. అది వాళ్ళ నాన్న మీద.

పదో తరగతి లెక్కల పరీక్ష రోజున సోంబరు జీలుగుకల్లు తాగి చెట్టుకింద పడి నిద్రపోయాడు. బండి మీద దింపేవాడు లేక బేబి అరకుదాకా పరిగెత్తి, అరగంట ఆలస్యంగా హాల్లో కూర్చుని, ఏడుస్తూ పరీక్ష రాసింది. ఆ సాయంత్రం సోంబరు నిసాని దేవత రాయి ముందు నిలబడి, ఊరందరూ చూస్తుండగా, కూతురి తల మీద చెయ్యేసి ఒట్టేశాడు. ఇక ముట్టనన్నాడు. బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ దోషం బిడ్డకే కొడుతుందని నమ్మే ఊరది. అలాంటి ఒట్టు తప్పి, తాగి, మలుపులో పడి చచ్చాడంటే ఏమిటర్థం? కూతురి ప్రాణం కన్నా కల్లు బుర్రే ముద్దయిందన్నమాట. నాన్నని పూడ్చిన గుంటలో బేబి పిడికెడు మన్ను కూడా వెయ్యలేదు. ఊరివాళ్ళు పోయిన పెద్దల పేర నిలిపే రాళ్ళ వరసలో సోంబరుకి రాయి నిలబెట్టలేదు. ఒట్టు తప్పినవాడికి రాయేమిటన్నారు.

ఇక బండి సంగతి. వారంరోజులుగా బేబి దాన్ని విప్పుతూనే ఉంది. టాంకులో ఏటి గులకరాళ్ళు పోసి, ఊపి ఊపి తుప్పు కక్కించింది. చక్రాల ఊచలు బూడిదతో తోమింది. నట్లూ బోల్టులూ కలిసిపోకుండా అడ్డాకు దొన్నెల్లో వేరువేరుగా పెట్టింది. ఇంజను మాత్రం బిగిసిపోయి కూర్చుంది. వంటింటి గూట్లో మొక్కజొన్న కండె బిరడాగా పెట్టిన పాత కిరోసిన్ సీసా ఒకటుంటే తెచ్చి, ప్లగ్గు తీసిన కన్నంలోంచి రోజూ కాస్త కాస్త ఒంపింది. అయిదోరోజున చెక్క పెట్టి కొడితే పిస్టను అంగుళం కిందికి జారింది. నిన్న సాయంత్రం బయటికొచ్చింది.

దాన్ని చూడగానే బేబికి విషయం అర్థమయింది. అర్థమయినదాన్ని నమ్మడానికి మాత్రం భయమేసింది. తన కళ్ళ మీద తనకే నమ్మకం లేక, పాతగుడ్డలో చుట్టుకుని, తెల్లారి సంతజీపు ఎక్కింది.

అరకు సంతకెళ్ళే రోడ్డు పక్కన టార్పాలిన్ కింద కూర్చునే మెకానిక్కు అప్పన్న ఎస్.కోట నించి వచ్చి ముప్పయ్యేళ్ళయింది. చుట్టుపక్కల గూడేల్లో ఆయన చెయ్యి పడని బండి లేదు. పిస్టనుని రెండు వేళ్ళతో పట్టుకుని ఎండకి తిప్పి చూశాడు.

"ఎవుల బండే ఇది?"

"మా నాన్నది, బాబాయ్."

"సోంబరుదా" అన్నాడు అప్పన్న, మెల్లిగా.

"ఆరేళ్ళు వానలో ఉన్నాది. తుప్పట్టి అతుక్కుందేమో?"

"నీకు తెల్దేటి? మెకానిక్‌వి కావేటి? నా నోటితో సెప్పించుకోడానికొచ్చినావు." పిస్టను పక్కగోడ మీద గోరుతో గీశాడు. "తుప్పట్టి అతుక్కుంటే ఎర్రపొడి రాల్తాది. ఇక్కడ సూడు, నిలువుగా గీతలు. గోడ కరిగీసి సిలిండరుకి అంటుకున్నాది. ఆయిలు కలపని పెట్రోలు పోసి ఘాటురోడ్డెక్కిత్తే ఇలగే అవుద్ది. ఇది పాత టూ స్ట్రోకు బండి గుంటా, పెట్రోల్లో ఆయిలు కలిపితేనే దానికి బతుకు. లేప్పోతే ఇంజను పట్టీసి ఎనక సక్రం టక్కున ఆగిపోద్ది. మలుపులో ఆగిపోతే మడిసి ఎటెల్తాడు?"

బేబి పిస్టను కోసం చెయ్యి చాపింది.

"తాగినోడు పడితే బండికి సొట్ట పడతాది" అన్నాడు అప్పన్న, గుడ్డ మళ్ళీ చుట్టి ఇస్తూ. "పిస్టను అంటుకోదు."

జీపు వెనకాల నిలబడి తిరిగొస్తున్నంతసేపూ బేబి ఒక చేత్తో ఇనపకడ్డీ, ఇంకో చేత్తో పిస్టను మూట పట్టుకునే ఉంది. ఆరేళ్ళు అన్నం పెట్టి పెంచిన కోపం. నాన్న పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. నాన్న ఫోటో అమ్మ గోడకి తగిలిస్తే తీయించేసింది. ఇప్పుడా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? మన్ను వెయ్యనందుకు తనమీద తనకే పుట్టిన కోపం ఒకటి ఉంది, అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇంకొకటి తేలాలి.

పనసగూడలో పెట్రోలు అమ్మేది ఒక్కడే. బేబి మేనమామ కామేష్. ఆ రోజున మలుపులో సోంబరుని మొదట చూసిందీ అతనే. వేటకెళ్ళిన గుంపు కొండ దిగి రోడ్డు దాటుతుంటే అందరికన్నా ముందు నడుస్తున్నాడట. "బావ దగ్గర కల్లు వాసనొచ్చింది" అని ఊరికి చెప్పిందీ అతనే. పండగరోజున ఆ మాటని అనుమానించేదెవరు?

కామేష్ కొట్టు గురించి ఒక ముక్క చెప్పాలి. పెట్రోలు బంకు దూరం కాబట్టి ఊరివాళ్ళంతా అతని దగ్గరే సీసాల లెక్కన కొనేవాళ్ళు. పాత బళ్ళకి ఆయిల్ కలిపిన పెట్రోలు కావాలి, కొత్త బళ్ళకి కలపనిది. చదువురానివాళ్ళు పొరబడకుండా కామేష్ ఒక గుర్తు పెట్టాడు. ఆయిల్ కలిపిన సీసాకి మొక్కజొన్న కండె బిరడా, కలపనిదానికి ప్లాస్టిక్ మూత. బుర్రున్న కుర్రాడని ఊరంతా మెచ్చుకుంది. ఆ బుర్రతోనే ఇప్పుడు రోడ్డు మీద బొంగులో చికెన్ కొట్టు పెట్టాడు, టూరిస్టులకి టెంట్లు వేస్తున్నాడు, నల్లకళ్ళద్దాలు తలమీదికి తోసుకుని తిరుగుతున్నాడు.

బేబి ఇంటికొచ్చేసరికి ఆ కళ్ళద్దాలే మొదట కనిపించాయి. కామేష్ వాకిట్లో వంగి బండి హాండిలుకి తాడు కడుతున్నాడు. ఇద్దరు మనుషులు మోతబొంగు పట్టుకుని నిలబడ్డారు. భీముడు అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. లోపల వంటింట్లో అమ్మ కనక చోళ్ళు చెరుగుతున్న చేట చప్పుడు వినిపిస్తోంది.

"మావా, తాడిప్పు."

"వచ్చినావా? సంత అయిపోనాది. పెద్దల మాట మాటే గదా, గుంటా."

"ఇప్పమన్నాను."

"కోపమెందుకే? సచ్చినోడి వస్తువు ఇంట్లో ఉంటే మంచిది కాదు. నీ మంచికే..."

బేబి గోనెపట్టా మీంచి హాక్సా బ్లేడు తీసి తాడు కోసేసింది. రెండు ముక్కల్లో ఒకటి కామేష్ చేతిలో మిగిలింది. మోతబొంగు పట్టుకున్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

"నా మంచి నువ్వు సూసినకాడికి సాలు." ఆమె గుడ్డ విప్పి పిస్టనుని భీముడి పక్కన అరుగు మీద పెట్టింది. "తాతా, ఇది సూడు. మా నాన్న తాగి పడలేదు. బండి పట్టీసి పడినాడు. ఆయిలు లేని పెట్రోలు ఎవులో పోసినారు. అప్పన్నకి సూపించినాను. కావలిస్తే ఎల్లి అడుగు."

భీముడు చుట్ట పక్కన పెట్టి పిస్టనుని చేతిలోకి తీసుకున్నాడు. కామేష్ నవ్వాడు.

"ఆరేళ్ళు వానలో నానిన ఇనుము, తాతా. తుప్పట్టదేటి? పట్నంలో నాలుగు బళ్ళు కడిగినంత మాత్రాన..."

"ఇనుమా?" బేబి గొంతు లేచింది. "ఇది అల్యూమినియం, మావా! దీనికి తుప్పేటి? బొంగులో కోడిని కాల్చుకునేవోడివి, నీకేం తెలుసు? పెట్రోలమ్మినావు గదా ఇన్నేళ్ళు, బండి గుండెకాయ దేంతో సేస్తారో కూడా తెల్దా?"

కామేష్ నవ్వు ఆగిపోయింది.

"సూటిగా సెప్పు. ఆ రోజు మా నాన్న దగ్గర వాసన వచ్చిందా?"

"పండగే అది. ఊరంతా తాగినాది..."

"ఊరి సంగతి అడగనేదు. మా నాన్న సంగతి అడిగినాను. వచ్చిందా, రాలేదా?"

"బేబీ, లోపలికి రా. మనిద్దరం మాటాడుకుందాం. పెద్దల ముందు ఇదంతా..."

"పెద్దల ముందే గదా సెప్పినావు! ఆరేళ్ళకింద ఇదే వాకిట్లో, ఇదే తాత ముందు, వాసనొచ్చిందని సెప్పినావు. ఆ మాటకే నాను మన్నెయ్యలేదు. ఆ మాటకే నాన్నకి రాయి నేకుండా పోనాది. సచ్చినోడు లేచొచ్చి కాదని సెప్పలేడని ఆడినావా ఆ మాట? ఇప్పుడు లోపలికి రమ్మంటావా? నాను రాను. ఇక్కడే సెప్పు. ఊరంతా ఇనాల!"

ఊరంతా వినేలాగే అరిచింది. పక్కిళ్ళ గుమ్మాల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. కామేష్ అటూ ఇటూ చూశాడు. మెడనరాలు ఉబ్బాయి. ఎంతైనా బేబి కోపం అమ్మవైపు నుంచి వచ్చిందే, అతనికీ తక్కువేం లేదు. చేతిలో మిగిలిన తాడుముక్కని నేలకేసి కొట్టాడు.

"రాలేదు! వాసన రాలేదు! సాలా? ఎవులి కోసం సెప్పినానో తెలుసా ఆ అబద్ధం? మీయమ్మ కోసం!"

లోపల చేట చప్పుడు ఆగిపోయింది.

ఆగిందని కామేష్ గమనించలేదు. మాట ఒకసారి బయటపడ్డాక మిగతాది దానంతటదే వచ్చింది. "ఆ పొద్దు నాను ఏటకెల్నాను. మీయమ్మే కొట్టుకొచ్చి సీసా పట్టుకెల్నాదట, మీ అత్త సెప్పినాది. పలాస్టిక్ మూత సీసా, ఆయిలు కలపనిది. తెలీక పట్టుకెల్లి మీ నాన్న బండికి పోసీసినాది. మొగుణ్ణి తన సేత్తో తనే సంపుకున్నాదని తెలిస్తే బతుకుద్దేటి మాయప్ప? అందుకే తాగినాడన్నాను. మా అప్ప బతకాలని సచ్చినోడి మీద ఒక నింద ఏసినాను. తప్పేనా? నువ్వయితే ఏటి సేద్దువు?"

బేబిని ఇంత దూరం తరుముకొచ్చిన కోపం ఇప్పుడు వంటింటి గుమ్మం ముందు ఆగింది. అమ్మా? పొద్దున్నే లేచి తనకి అంబలి కాచి ఇచ్చే అమ్మ? వారం నించీ ఈ బండి వంక చూడకుండా ముఖం తిప్పుకుని తిరుగుతోంది, ఇందుకేనా? ఒక్క క్షణం, ఒక్క క్షణమే, అమ్మ మీద కూడా కోపం వచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆ మాటని అలా అందరిముందూ అమ్మ చెవిన వేసినందుకు కామేష్‌ని పిస్టనుతోనే కొట్టాలనిపించింది. అరిచి అరిచి చెప్పించింది తనేనన్న సంగతి కూడా గుర్తొచ్చి ఆగిపోయింది.

కనక గుమ్మం దాటి బయటికొచ్చింది. చీర కొంగుకి చోళ్ళ పొట్టు అంటుకుని ఉంది. ఏడవలేదు. తమ్ముడి వైపు వెళ్ళలేదు, కూతురి వైపూ వెళ్ళలేదు. గోనెపట్టా దగ్గరకి నడిచి, అడ్డాకు దొన్నెల మధ్యనున్న కిరోసిన్ సీసాని చేతిలోకి తీసుకుంది.

"ఈ సీసా ఎవుల్ది, కామేషూ?"

కామేష్ చూశాడు. కొట్టు సీసా అది, గుర్తుపట్టకపోవడానికి వీల్లేదు. మెడ దగ్గర చుట్టిన ఎర్రరంగు గీత వెలిసిపోయినా తెలుస్తూనే ఉంది.

"మీ బావ కాఫీ మొక్కలకి సుంకరమెట్టకెల్లాలి, బండిలో పెట్రోలు నేదన్నాడు. నాను రోడ్డు మీద ఆడోళ్ళతో బొంగడ్డం పెట్టి బళ్ళాపుతన్నాను, పండగ సందా డబ్బులకి. అక్కణ్ణించే నీ కొట్టుకెల్నాను. నీ పెళ్ళాం, తీసుకో వదినా, అన్నాది. కండె బిరడా సీసాయే తీసుకున్నాను." ఒక్కొక్క మాటా లెక్కపెట్టి దించుతున్నట్టు చెప్పింది. "నాకు సదువు రాదు. కండెకీ పలాస్టిక్‌కీ తేడా తెల్దేటి? ఆ గుర్తు నాలాంటిదాని కోసమే గదా పెట్టినావు. ఇదే ఆ సీసా. ఇదే ఆ కండె."

బేబి ఆ సీసా వంక చూసింది. వారంరోజులుగా తను పట్టుకుని ఒంపుతున్నది దాన్నే.

"తిరిగిచ్చెయ్యడానికి నాకు కాళ్ళు రాలేదు" అంది కనక. "కిరసనాయిలు పోసి గూట్లో పెట్టినాను. సీసా ఒకటి తక్కువైతే గూడెమంతా ఎతికే మనిసివి, నన్నెప్పుడూ అడగనేదు. ఆరేళ్ళు ఈ ఇంట్లో కూకుని అన్నం తిన్నావు, గూటి వంక సూసినావు, అడగనేదు. ఎందుకడగడో అనుకునేదాన్ని."

భీముడు పిస్టనుని మెల్లిగా అరుగు మీద పెట్టాడు.

"కండె సీసాల్లో ఆయిలు కలిపేది ఎవుల్రా?" అన్నాడు.

"నానే, తాతా."

"ఆ పొద్దు ఏటకి అందరం తయారైపోనాం. నువ్వు రానేదు. బేగి రారా అని రెండుసార్లు కబురెట్టినాం. సీసాలు నింపేసి వస్తన్నానన్నావు. పరిగెత్తుకొచ్చినావు, సేతులు కూడా కడుక్కోనేదు. బాణాలకి పెట్రోలు కంపు కొడతాదని నిన్ను తిట్టినాను." ముసలాయన కళ్ళు చిట్లించి చూశాడు. "ఆయిలు కలిపినావా ఆ పొద్దు?"

"గుర్తు నేదు, తాతా. ఎప్పుడి మాట... మర్సిపోనానేమో. అప్పా, నిజంగా నాకు గుర్తు నేదు."

"వాసన గుర్తున్నాదా?" అంది కనక.

సీసా కింద పెట్టి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. చోళ్ళు కోసే చేతులవి, మోపులు మోసే చేతులు, కామేష్ విడిపించుకోలేకపోయాడు. వాకిలి అడ్డంగా ఈడ్చుకొచ్చి, ఆ చేతిని బేబి తల మీద పెట్టింది.

"మీ బావ ఈ తల మీదే సెయ్యేసి ఒట్టేసినాడు. ఊరు సూసినాది. నువ్వూ ఎయ్యి. బావ తాగినాడని, ఆ సీసా సంగతి నీకు తెల్దని, ఈ గుంట మీద సెయ్యుంచి సెప్పు. తాత ఉన్నాడు, అందరూ ఉన్నారు. సెప్పీసి బండి మోసుకుపో. నానడ్డం రాను."

బొంగు పట్టుకున్నవాళ్ళు దాన్ని నేలమీద పెట్టేశారు. పక్కింటి ఆడవాళ్ళలో ఒకావిడ వద్దు వద్దు అంది, చిన్నగా, ఎవరితో అంటోందో తెలియకుండా. అబద్ధపు ఒట్టయితే దెబ్బ ఎవరికో అందరికీ తెలుసు.

నాన్న చెయ్యి బేబికి గుర్తుంది. కాయలు కాసి గరుకుగా, ఎక్కడ బరువవుతుందోనని ఆనీ ఆననట్టు పెట్టాడు. ఈ చెయ్యి మసాలా వాసన వేస్తోంది. పట్నం వెళ్ళినప్పట్నించీ ఒట్లన్నా దోషాలన్నా నవ్వే బేబి, తల ఒక్క వెంట్రుకంతైనా కదపకుండా నిలబడింది.

కామేష్ గొంతు సవరించుకున్నాడు. చెయ్యి తియ్యలేదు.

"బావ ఆ రోజు..." అన్నాడు.

(మిగతాది వచ్చేవారం)